కుర్చీ మీద కండువా

మా ముత్తాత శౌరయ్యగారు. మండపేటకి తూర్పున, కాలవ గట్టు మీదున్న మా ఊళ్ళో మొదటి గుడికి స్థలం ఇచ్చింది ఆయనే. మా వైపు కతోలికులం చర్చిని గుడి అనే అంటాం. దాని గంట ఓడలో కాకినాడ రేవుకి వస్తే, అక్కణ్ణించి పడవ మీద ఊరికి చేర్పించిందీ ఆయనే. మా తాత చిన్నప్పగారు బతికున్నంతకాలం ఊరికి పెద్ద. బిషప్పుగారు ఈ వైపు వస్తే దిగేది మా ఇంట్లోనే, తినేది మా వెండి పళ్ళెంలోనే. మా నాన్న జోజయ్యగారు కొత్తగా ఇచ్చిందీ లేదు, తెచ్చిందీ లేదు. ఉన్నది ఒక్కొక్కటే అమ్మి దాటించారు. అయినా ఆయన గుడికి తల వంచుకుని వెళ్ళగా నేను చూడలేదు. నేను రాజమండ్రిలో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నాతో ఈ వరస ఆగిపోతుంది.

గుడిలో మా ఇంటికి ఒక కుర్చీ ఉండేది. ఊరంతా చాపల మీద కూర్చునేది, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఊరి బయట దళితుల పేట నుంచి వచ్చేవాళ్ళు అందరికన్నా వెనక, గుమ్మం దగ్గర. బలిపీఠానికి కుడివైపున, స్తంభం పక్కన, టేకు చేతుల కుర్చీ ఒక్కటే. పేము అల్లిక. వీపు వెనక ఇత్తడి రేకు మీద శౌరయ్యగారి పేరు. ఒకప్పుడు మూడు ఉండేవట. రెండింటిని చెదలు తిన్నాయి.

ఈ కుర్చీని ప్రతి ఆదివారం తుడిచినాయన గురించి రాయాలని కూర్చున్నాను.

ఆయన మా గుడికి ఉపదేశి. ఫాదర్‌గారి తరవాత గుడి బాధ్యత మోసే మనిషిని మేం అలా అంటాం. గంట కొడతాడు, జపం చెప్పిస్తాడు, పిల్లలకి ప్రార్థనలు నేర్పుతాడు, చావు జరిగితే సిలువ పట్టుకుని ముందు నడుస్తాడు. ఈయన పేటలో పుట్టారు. ఈయన తండ్రి మా ఇంట్లో పాలేరు. రాసేటప్పుడు 'ఆయన' అంటున్నాను గానీ, ఎదురుగా నేనెప్పుడూ 'నువ్వు' అనే అన్నాను, నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడని తెలిసినా. పేరు పెట్టి పిలిచిన గుర్తు కూడా లేదు. 'ఉపదేశి' అనేవాణ్ణి. ఆయన నన్ను 'బాబుగారు' అనేవారు.

ఆదివారం పొద్దున్న మొదటి గంటకి ముందే ఆయన కుర్చీ దగ్గరికి వచ్చేవారు. భుజం మీది ఎర్రంచు కండువా తీసి, ముందు వీపు, తరవాత చేతులు, తరవాత నాలుగు కాళ్ళూ తుడిచేవారు. తుడిచాక అదే కండువాని పేము మీద పరిచి గంట దగ్గరికి వెళ్ళిపోయేవారు. కుర్చీ మీద కండువా ఉందంటే అది మా ఇంటిదని అర్థం. ఒకసారి ఎవరో పై అధికారి క్రిస్మస్ పూజకి వచ్చి అందులో కూర్చోబోతే, ఈయన చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారట. ఆ అధికారే వెళ్ళి స్కూలు బెంచీ తెప్పించుకున్నాడు. నేను రాగానే కండువా ఎత్తి, రెండుసార్లు దులిపి, నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజాన వేసుకుని స్తంభానికి అవతల నిలబడేవారు. పూజ అయ్యేదాకా నిలబడే ఉండేవారు.

మా నాన్న ఆఖరి ఎకరాలు అమ్మిన వారం నాకు బాగా గుర్తుంది. ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. ఆ ఆదివారం గుడికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళాను. కుర్చీ తుడిచి ఉంది. కండువా పరిచి ఉంది. ఆ కాస్త చోటులో మాత్రం నేను శౌరయ్యగారి మునిమనవణ్ణే. బయట ఏమీ మిగలని ఏళ్ళలో అది నాకెంత ఆసరాగా ఉందో ఆయనకి తెలుసో తెలియదో. నేను చెప్పలేదు. మా ఇళ్ళలో అలాంటివి చెప్పుకోరు.

ఆయనకి వాచీ ఉండేది కాదు. గుడి మెట్టు మీద పడే నీడ చూసి గంట కొట్టేవారు. మబ్బు పట్టిన రోజు ఎలా అని అడిగితే, "కడుపులో తెలిసిపోద్దండి" అనేవారు. జనం తగ్గారని కొత్త ఫాదర్‌గారు బాధపడితే, "గంట కొట్టడం మన వంతండి. రావడం వాళ్ళ వంతు" అన్నారు. ప్రసంగం సాగిపోయిన రోజున బయటికొచ్చి, "ఇవాళ ఫాదర్‌గారు కాలవకి గండి కొట్టేసేరండి" అని, ఆ మాట ఫాదర్‌గారికి వినపడేలోపు చీపురు అందుకునేవారు. 'ఆయ్' అనడంలోనే ఆయనకి మూడు రకాలుండేవి. ఒకటి ఔనని. రెండోది కాదని. మూడోది, మీరంటున్నారు కాబట్టి వింటున్నాను అని. ఏది ఏదో తెలుసుకోవడానికి ఊరికి చాలాకాలం పట్టింది. నాకు పూర్తిగా ఎప్పటికీ తెలియలేదు.

ఆయన పోయిన కబురు నాకు ఫోన్లో వచ్చింది. మూడేళ్ళ కిందట రోముకి వెళ్ళినప్పుడు మా గుంపుకని పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఇంకా ఉంది. పండగలకి దండాల బొమ్మలు తప్ప అందులో ఏమీ రావు. మొన్న ఒక ఫోటో వచ్చింది, కింద 'మన ఉపదేశిగారు ప్రభువు సన్నిధికి చేరారు' అని. రోములో పెద్ద గుడి ముందు మైదానంలో తీసిన ఫోటో అది. పేట నుంచి వచ్చిన రిటైరైన టీచరమ్మగారు తీశారు. అందులో నేను కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాను. వెనక దూరంగా, కటకటాల అవతల, భుజం మీద కండువాతో ఆయన నిలబడి ఉన్నారు. చూసినవాళ్ళకి మామూలు ఫోటో.

ఆ ఏడు, మన దేశంవాడినే ఒకాయన్ని పోపుగారు పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటిస్తున్నారని గుళ్ళో చదివారు. మా బిషప్పుగారి పీఠం నుంచి ఓ ముప్ఫైమంది వెళ్ళవచ్చన్నారు. నేనెందుకు పేరిచ్చానో నిజం చెప్పాలి. భక్తి కొంత ఉంది. మిగతాది వేరు. శౌరయ్యగారు రోము చూడాలని బయల్దేరి, కాకినాడ రేవులో జ్వరం తగిలి వెనక్కి వచ్చారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ దారి ఎవరో ఒకరు పూర్తి చెయ్యాలనిపించింది. చెయ్యడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

పేరిచ్చిన మర్నాడు ఆయన మా వీధి అరుగు దగ్గరికి వచ్చారు.

"బాబుగారూ, మీరూ వస్తున్నారంట కదండీ."

"నువ్వు కూడానా?"

"ఆయ్. అమ్మాయి టిక్కెట్టు పెట్టిందండి. వద్దంటే వినదు. కువైట్ నుంచి వీడియోలో ఒకటే ఏడుపండి. నువ్వెళ్ళకపోతే నేనిక్కడ వాళ్ళ గిన్నెలు తోమడం దేనికీ అని."

"ఆ చలికి తట్టుకోగలవా?"

"మీ తాతగారి కోటొకటుంది కదండీ, నాన్నకిచ్చింది. చిమ్మెటలు తిన్నచోట మా కోడలు మాసికేసింది. దొరలా ఉంటానండి, చూడండి."

ఆ కోటు వేసుకునే వచ్చారు. దాని మీద కండువా. హైదరాబాదులో విమానం ఎక్కేటప్పుడు ఆడపోలీసు ఆ కండువా తీసి ట్రేలో పెట్టమంటే, పెట్టి, అది అవతల నుంచి బయటికి వచ్చేదాకా కళ్ళార్పకుండా చూశారు.

విమానంలో నా పక్క సీటే ఆయనకి పడింది. బెల్టు బిగించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉన్నట్టుండి అన్నారు.

"నలభై మూడేళ్ళండి బాబుగారు. ఒక్క పూజ కూడా కుదురుగా వినలేదండి."

"రోజూ గుళ్ళోనే ఉంటావు కదా."

"ఉండడం వేరండి, వినడం వేరు. మైకు చూడాలి. కుక్క దూరిందా, పసిగుడ్డు ఏడ్చిందా, ఫ్యానాగిందా, అన్నీ చూడాలి. ఫాదర్‌గారు చేతులెత్తితే గంట. కళ్ళు మూసుకున్నానంటే గంట తప్పిపోద్ది. దేవుడెదురుగా ఉన్నాడంటారు, నాకు తాడే కనపడేదండి." నవ్వారు. "అక్కడ మనకేం పని లేదు కదండీ. గంట వాళ్ళే కొట్టుకుంటారు. ఈసారి మాత్రం కుర్చీలో కూర్చుని, మొదట్నించీ చివరిదాకా వింటానండి. ఒక్కటి చాలు."

నేను విన్నాను. నిద్రమత్తులో ఉన్నానని గానీ, విమానం మోతలో సరిగా వినపడలేదని గానీ చెప్పుకోవడానికి వీల్లేదు. "మంచిది" అన్నాను కూడా.

రోములో మొదటి రెండు రోజులూ ఆయనతో తిరగడం అందరికీ సరదాగా ఉండేది. అక్కడి నది చూపిస్తే వంతెన మీంచి వంగి చూసి, "ఇదేనాండి? కోటిపల్లి రేవులో మన గోదారి చూస్తే వీళ్ళేమైపోతారో పాపం" అన్నారు. ఏ గుడికి వెళ్ళినా చెప్పులు గుమ్మంలో విడిచేవారు. వేసుకునే రావచ్చని మాతో వచ్చిన ఫాదర్‌గారు చెబితే, "వాళ్ళ అలవాటు వాళ్ళదండి. నా కాళ్ళు ఒప్పుకోవు" అని, వాటిని ప్లాస్టిక్ సంచీలో వేసి చంకలో పెట్టుకుని, చల్లటి పాలరాతి మీద సాక్సుతో నడిచేవారు.

ప్రకటన ముందు రోజు సాయంత్రం భోజనాల దగ్గర ఫాదర్‌గారు అందరికీ పాసులు పంచారు.

"మన వరస ఏదో ఇందులో రాసుండదా ఫాదర్?" అని టీచరమ్మగారు అడిగారు.

"అది లోపలికి రానివ్వడానికేనమ్మా. లోపల ఎవరు ముందెళితే వాళ్ళది. ఎవరి కుర్చీ వాళ్ళే పట్టుకోవాలి. ఒకళ్ళ కోసం ఒకళ్ళు కుర్చీలు ఆపడాలు, తగువులు పెట్టకండి, నా పరువు తియ్యకండి."

"అయితే రావులపాలెంలో బస్సెక్కినట్టేనన్నమాటండి" అన్నారు ఉపదేశి. బల్లంతా నవ్వింది. గుణదల తిరునాళ్ళకి వెళ్ళినప్పుడల్లా, బస్సింకా ఆగకముందే కిటికీలోంచి కండువా విసిరి సీటు పట్టడంలో ఆయన పేరు మోశారు. "అయితే రేపు నా కండువాకి పనుంది" అని భుజం తట్టుకున్నారు.

తెల్లవారకముందే మొదటి బస్సులో వెళ్ళినవాళ్ళలో ఆయన ఉన్నారు. నేను రెండో బస్సులో వెళ్ళాను. క్యూలో పరిగెత్తడం మా ఇంటా వంటా లేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ పంచె కట్టి, మెడదాకా బొత్తాలున్న కోటు వేసుకుని బయల్దేరేసరికి బాగా ఎండెక్కింది.

మైదానంలో అడుగుపెట్టగానే నా చూపు గోపురం మీద పడలేదు, స్తంభాల మీద పడలేదు. కుర్చీల మీద పడింది. కనుచూపు మేర బూడిదరంగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికొకటి తగిలించి, వరసలు వరసలుగా. అన్నీ ఒకటే రకం. చాప మీద కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. ఎక్కడివాడైనా వచ్చి కూర్చోవచ్చు. నాకెందుకో నీరసంగా అనిపించింది.

మా గుంపు కనిపించింది. మంచిచోటే పట్టారు. బలిపీఠం బాగా కనిపించే మూల. కుర్చీలన్నీ నిండిపోయాయి. నడవ పక్కన ఒకటి మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఎర్రంచు కండువా పరిచి ఉంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి అందులో ఏముంది? నా ఎరుకలో కుర్చీ మీద ఆ కండువాకి ఒక్కటే అర్థం. కండువా తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

పక్కనున్న టీచరమ్మగారు నా వైపు తిరిగి, "బాబుగారూ, మీ సీటెక్కడండి?" అన్నారు.

"ఇదే" అన్నాను.

ఆవిడ ఏదో అనబోయి, చేతిలో జపమాల తిప్పడం మొదలుపెట్టారు.

కాసేపటికి ఉపదేశి రెండు చేతుల్లో నీళ్ళ సీసాలతో వచ్చారు. ఆడవాళ్ళకి దాహంగా ఉందంటే కుళాయి వెతుక్కుంటూ వెళ్ళారట. నన్ను చూసి ఆగారు. ఆగింది ఒక్క క్షణమే.

"వచ్చేరా బాబుగారు. బాగా కనపడతందాండి?"

"కనపడుతోంది" అని కండువా చాపాను.

అందుకున్నారు. రెండుసార్లు దులిపారు. నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజాన వేసుకున్నారు. సీసాలు అందరికీ పంచి, నా కుర్చీ వెనక నిలబడ్డారు. పచ్చటోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు వచ్చి నడవలో నిలబడకూడదని సైగ చేశాడు. ఆయన తల ఊపి, చేత్తో నమస్కారం పెట్టి వెనక్కి వెళ్ళిపోయారు. చాలా వరసల వెనక, కటకటాల అవతల, చోటు దొరకనివాళ్ళు నిలబడ్డ చోటికి. టీచరమ్మగారు ఫోటో తీసింది అప్పుడే.

పాటతో మొదలైంది. తరవాత పునీతుల ప్రార్థన. ఒక్కొక్క పునీతుడి పేరూ లాటిన్లో పాడతారు. ప్రతి పేరుకీ జనం 'ఓరా ప్రో నోబిస్' అని బదులు పాడాలి, మా కొరకు వేడుకోండి అని. మా గుంపులో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ పుస్తకంలో వెతుక్కుంటున్నారు. అప్పుడు వెనక నుంచి నాకు తెలిసిన గొంతు వినపడింది. ఒక్క పేరూ తప్పకుండా, రాగం చెడకుండా. ఆయన చిన్నతనంలో మా ఊరి పూజ లాటిన్లోనే ఉండేది. గడ్డం ఫాదర్‌గారని ఒక ఇటలీ ఆయన నేర్పింది అరవై ఏళ్ళుగా ఆయన లోపల ఎక్కడో ఉండిపోయింది.

ఆ గొంతు వింటూ ఉండగా విమానంలో మాట గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చుని, మొదట్నించీ చివరిదాకా. ఎవరి కుర్చీ వాళ్ళే పట్టుకోవాలన్న ఫాదర్‌గారి మాట, టీచరమ్మగారి ప్రశ్న, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆయన చీకట్లో లేచి, ఆ వయసులో పరిగెత్తి, తన జీవితంలో ఒకేఒక్కసారి తనకోసం ఒక కుర్చీ మీద కండువా వేసుకున్నారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

లేవడానికి నాకు రెండు గంటల పైన టైముంది. లేవలేదు.

మోకాళ్ళు నొప్పి అనుకున్నాను. ఈ జనంలో ఆయన్ని పిలిచేదెలా అనుకున్నాను. ఇప్పుడు లేస్తే ప్రార్థనకి అడ్డం అనుకున్నాను. అవేవీ కావు. మా గుంపులో సగంమంది పేట వాళ్ళు. వాళ్ళ కళ్ళెదుట లేచి, ఇది నాది కాదు నీది అని అనాలి. అది నా వెన్నుకి చేతకాలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. మొదటిసారి ఆయన పాడుతున్నారు. రెండోసారి, ప్రసంగం జరుగుతుండగా, ఎవరో విదేశీ ముసలమ్మ ఎండకి సొమ్మసిల్లి కూలబడితే, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కండువాతో విసురుతున్నారు. ఆవిడ తేరుకునేదాకా విసిరి, నీళ్ళు తాగించి, తరవాత ఇంకెవరి పసిబిడ్డనో ఆడిస్తూ కనిపించారు. పోపుగారు ఏమన్నారో ఆయన విని ఉండరు. పూజలో అందరికీ పంచే సత్ప్రసాదం కూడా ఆ తోపులాటలో ఆయనదాకా రాలేదని తరవాత తెలిసింది.

మధ్యాహ్నం పక్క సందులో మెట్ల మీద కూర్చుని తెచ్చుకున్నవి పంచుకున్నాం. ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకులు పొడిపొడి అయిపోయాయి. ఆ పొడినే కాగితంలో పెట్టి ముందు నాకే ఇచ్చారు.

"నీకేమీ వినపడి ఉండదు" అన్నాను.

"నిలబడ్డోడికి ఎక్కడైనా పని దొరుకుద్ది కదండీ" అన్నారు, మామూలుగానే. తరవాత మొహం వెలిగింది. "కానీ ఆ పేర్ల పాట మాత్రం విన్నానండి. మీ పెద్దాళ్ళందర్నీ పిలిచేరు చూసేరా. యోసేపుగారంటే మీ నాన్నగారి పేరే కదండీ. పౌలుగారంటే చిన్నప్పగారు. శౌరయ్యగారికి పేరిచ్చిన పునీతుడు, శౌరివారి పేరు కూడా వచ్చింది. అక్కణ్ణించి ఇక్కడికొచ్చి మీ ఇంటిల్లిపాదినీ విన్నట్టుందండి." పొడి చేతులు దులుపుకుని, కాస్త సిగ్గుపడుతూ అన్నారు. "నాదీ వచ్చిందండి."

నేను ఏ పేరని అడగలేదు. అడిగితే నలభై ఏళ్ళుగా తెలియదని తేలిపోతుంది.

తిరిగి వచ్చిన నెలకి ఆయనకి జ్వరం తగిలిందని విని పేటకి వెళ్ళాను. మా ఇంటి మనిషి ఆ వీధిలోకి చావుకి తప్ప వెళ్ళిన జ్ఞాపకం నాకు లేదు. కాలనీ ఇల్లు. కువైట్ కూతురు కొనిచ్చిన ఫ్రిజ్జు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మంచం మీంచి లేచి ఒక కుర్చీ లాగి, కండువాతో తుడిచి నాకు వేశారు.

"నువ్వు కూర్చో" అన్నాను.

"ఆయ్" అని గుమ్మం మెట్టు మీద కూర్చున్నారు.

"రోములో ఆ కుర్చీ నువ్వు నీకోసం పెట్టుకున్నావు."

"ఆయ్" అన్నారు. మూడింట్లో అది ఏదో నాకు తెలియలేదు.

"నాకు మధ్యలోనే తెలిసింది. అయినా లేవలేదు."

"తెలిసిందని నాకూ తెలుసండి. రెండుసార్లు వెనక్కి చూసేరు కదండీ."

"మరి వచ్చి అడగొచ్చుగా?"

"అడిగితే లేచేవారండి మీరు. అదే కదండీ భయం. అంతమందిలో జోజయ్యగారబ్బాయిని లేపినోణ్ణి నేనవుతాను. ఇన్నేళ్ళు తుడిచి తుడిచి, చివరికి నేనే లేపడం ఏంటండి?"

బయట ఎవరో ట్రాక్టరు స్టార్టు చేస్తున్నారు.

"వచ్చే ఆదివారం మన గుళ్ళో ఆ కుర్చీలో నువ్వు కూర్చో. గంట ఇంకెవరైనా కొడతారు. పూజంతా కూర్చుని విను" అన్నాను. జీవితంలో ఎవరికైనా నేను ఇవ్వగలిగిందల్లా ఇచ్చేస్తున్నట్టే అన్నాను.

ఆయన నవ్వారు. ఎగతాళి కాదు. అలసిపోయిన నవ్వు.

"ఇప్పుడెందుకండి బాబుగారు. ఆ పూజ అయిపోయింది కదండీ."

ఆ ఆదివారం వెళ్ళేసరికి కుర్చీ తుడిచి ఉంది, కండువా పరిచి ఉంది. ఆయన వచ్చి కండువా ఎత్తారు, రెండుసార్లు దులిపారు. నేను కూర్చున్నాను. ఇంకేం చెయ్యాలో మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు.

తరవాత ఏడాది పాత గుడి కూల్చి కొత్తది కట్టారు. అందులో అందరికీ బెంచీలు. గంట కూడా రికార్డింగే, మైకులో వస్తుంది. కుర్చీకి చోటు లేదని ఫాదర్‌గారు మర్యాదగానే చెప్పి ట్రాక్టరు మీద ఇంటికి పంపించారు. దానితోపాటు ఉపదేశి కూడా ట్రాక్టరు ఎక్కి వచ్చారు, దారిలో గీతలు పడతాయేమోనని. మా హాల్లో పెట్టించి, ఆఖరిసారి తుడిచి, కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన్ని నేను రెండు మూడుసార్ల కంటే చూడలేదు.

అంత్యక్రియల పూజకి వెళ్ళాను. గుడి నిండిపోయింది. మంచాన ఉన్నవాళ్ళు తప్ప పేటంతా వచ్చింది. కువైట్ కూతురు అందుకోలేకపోయింది. ఎవరో ఫోను ఎత్తి పట్టుకుని ఆమెకి చూపిస్తున్నారు. చోటు లేక గోడవార నిలబడ్డాను. బెంచీ చివరనున్న ఒక యువకుడు లేచి, "రండి తాతగారూ, కూర్చోండి" అన్నాడు. నేనెవరో అతనికి తెలియదు. పెద్దవాణ్ణని లేచాడు, అంతే. కూర్చున్నాను. మోకాళ్ళు ఇప్పుడు నిజంగానే పాడయ్యాయి.

శవపేటిక మీద ఆయనకి జ్ఞానస్నానంలో పెట్టిన పేరు రాసి ఉంది. మొదటిసారి చదివాను. రోములో పాడిన పేర్లలో అదీ ఉందని గుర్తొచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన బతికుండగా ఒక్కసారి కూడా పిలవనివాణ్ణి, ఇప్పుడు కాగితం మీద వాడుకోవడం నాకు మర్యాదగా తోచలేదు.

కుర్చీని మొన్న, నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారానికి ముందు వారంలో, దిండి వైపు రిసార్టు కడుతున్న ఒకాయనకి అమ్మేశాను. ఇత్తడి రేకు దానికే ఉంది.